బావగారి పెళ్లి వాచీ: కొలతల నుంచి చైను బిగింపు దాకా

జ్యేష్ఠం, ఆదివారం

మా ఇళ్లలో వరపూజకి పెళ్లికొడుక్కి బట్టలతో పాటు వాచీ పెట్టడం ఆనవాయితీ. అక్క పెళ్లి శ్రావణంలో. బట్టలు అమ్మ చూసుకుంటుంది, ఉంగరం నాన్న, వాచీ మాత్రం నాకే వదిలేశారు, ఎందుకంటే ఇంట్లో గడియారాల పిచ్చి ఉన్నది నాకొక్కడికే. బడ్జెట్ పాతిక నుంచి ముప్పై వేల మధ్య.

పెళ్లి వాచీల్లో చాలా వరకు బీరువాలో చీరల కిందే ఉండిపోతాయి. మా బాబాయిది ఉంది, పెద్దమ్మ కొడుకుది ఉంది. రెండూ మంచి కంపెనీలవే, డబ్బు కూడా బాగానే పెట్టారు. కొనేటప్పుడు డయలు చూశారు, ధర చూశారు, పెట్టుకునే మనిషి చెయ్యి మాత్రం ఎవరూ చూడలేదు. ఒకటి మణికట్టు దాటి రెండు వైపులా బయటికొస్తుంది, ఇంకోటి చైను వదులై డయలు పక్కకి జారిపోతుంది. అలాంటి వాచీని మనిషి ఒక వారం భరిస్తాడు, తర్వాత తీసి లోపల పెట్టేస్తాడు. కాబట్టి బావగారు రోజూ చేతికి పెట్టుకుని డ్యూటీకి వెళ్లే వాచీ కావాలన్నది నా పట్టుదల. ఈ పని ఎలా సాగిందో ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటున్నాను, ఇంకెవరికైనా పెళ్లికి పనికొస్తుంది.

నాన్న మొదట "బంగారు రంగుది చూడరా, పెళ్లి వాచీ అంటే మెరవాలి" అన్నారు. ఆ పూత మైక్రాన్లలో ఉంటుంది నాన్నా, టేబుల్ అంచుకి రాసుకుని లాకు దగ్గర ముందు పోతుంది, ఆ తర్వాత మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది అని చెప్పాను. స్టీలుకి గీత పడినా గీత కింద ఉన్నది అదే స్టీలు, పాలిష్ పట్టిస్తే మళ్లీ కొత్తదవుతుంది. దానికి రుజువు నాన్న చేతికే ఉంది. వాళ్ల పెళ్లికి తాతయ్య పెట్టిన హెచ్ఎంటీ, స్టీలు కేసు, పొద్దున్నే కీ ఇస్తే ఇవాళ్టికీ నడుస్తుంది. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది, 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది, అయినా వాటిని రిపేరు చేసే చేతులు పాతబస్తీలో ఇంకా ఉన్నాయి. నాన్న కాసేపు తన చేతి వైపు చూసుకుని సరే స్టీలే తీసుకో అన్నారు.

శనివారం, కూకట్‌పల్లి

అమ్మ, అక్క, అత్తగారు పట్టుచీరల దుకాణంలో కూర్చున్నారు, ఇక రెండు మూడు గంటలు లేవరు. బావగారూ నేనూ ఖాళీ. ఇదే మంచి సమయం అనుకుని దుకాణంలో టేపు అడిగి తీసుకుని ఆయన ఎడమ మణికట్టు కొలిచాను. ఏసీలో 15.8 సెంటీమీటర్లు. తర్వాత కిందకి దిగి టిఫిన్ చేసి, ఎండలో బైకుల దగ్గర కాసేపు నిలబడి మళ్లీ కొలిస్తే 16.2. ఈ నాలుగు మిల్లీమీటర్ల తేడాయే వాచీ దుకాణాల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. వేడికి రక్తనాళాలు విప్పారి చెయ్యి కొంచెం ఉబ్బుతుంది, సాయంత్రానికి ఇంకొంచెం. పొద్దున పదకొండింటికి ఏసీ షోరూంలో బిగించిన చైను సాయంత్రం ఆరింటికి బాలానగర్ సిగ్నల్ దగ్గర చేతిని నొక్కేస్తుంది.

చుట్టుకొలత చైను కోసం. వాచీ సైజు తేల్చేది మణికట్టు పైభాగం, బల్లపరుపుగా ఉండే చోటు ఎంత వెడల్పు ఉందన్నది. బావగారిది 50 మిల్లీమీటర్లు. వాచీకి పైన రెండు, కింద రెండు చైను తగిలే కొమ్ములుంటాయి కదా, లగ్స్ అంటారు, పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా ఉన్న పొడవు ఈ వెడల్పు కంటే తక్కువ ఉండాలి. అందరూ అడిగేది డయలు 40 మిల్లీమీటర్లా 42 మిల్లీమీటర్లా అని. 42 డయలు పొట్టి కొమ్ములతో చక్కగా కూర్చోవచ్చు, 39 డయలు పొడుగు కొమ్ములతో అటూ ఇటూ పొడుచుకురావచ్చు.

నా దగ్గర పెళ్లి పత్రికల శాంపిల్ అట్ట ఒకటి ఉంటే దాన్ని 42, 44, 46, 48, 50 మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి ఒక్కోటి ఆయన చేతి మీద పెట్టి ఫొటో తీశాను. అయిదడుగుల దూరం నుంచి తీయాలి, దగ్గరగా తీస్తే ఫోన్ కెమెరా వాచీని పెద్దదిగా చూపిస్తుంది. 46 దాకా బాగుంది, 48 అంచుకి వచ్చేసింది. 44 పెట్టినప్పుడు బావగారే "ఇది నాకు సెట్టయింది బామ్మర్దీ" అన్నారు.

మాటల్లో ఆయన పని గురించి ఆరా తీశాను. జీడిమెట్లలో ఒక ఫార్మా కంపెనీ, క్వాలిటీ కంట్రోల్ ల్యాబు. రెండు సంగతులు తెలిశాయి, రెండూ వాచీకి ముఖ్యమైనవే. ఒకటి, ల్యాబులో ద్రావణాలు కలపడానికి మాగ్నెటిక్ స్టిర్రర్లు ఉంటాయి, అంటే గాజు పాత్ర కింద ఒక అయస్కాంతం గిరగిరా తిరుగుతుంటుంది, చెయ్యి దాని పక్కనే ఉంటుంది. రెండు, ప్రొడక్షన్ ఏరియాలోకి వెళ్లాలంటే వాచీ, ఉంగరం అన్నీ తీసి లాకర్లో పెట్టాల్సిందే. అంటే రోజుకి కొన్నిసార్లు లాకు తీయడం, పెట్టడం తప్పదు, కాబట్టి లాకు గట్టిది ఉండాలి.

స్టీలు మాటెత్తగానే ఆయన ఉత్సాహం చూడాలి. "316ఎల్ అయితేనే తీసుకో, మా ట్యాంకులు, పైపులు అన్నీ అదే" అన్నారు. వాచీ కేసులకీ వాడేది ఎక్కువగా అదే రకం. అందులో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ 10 నుంచి 14, వాటితో పాటు మాలిబ్డినం 2 నుంచి 3 శాతం. క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది, తుప్పు పట్టనివ్వనిది ఆ పొరే. ఉప్పులో ఉండే క్లోరైడు ఆ పొరని అక్కడక్కడా తొలిచి చిన్న గుంటలు చేస్తుంది, దాన్ని తట్టుకునేందుకే మాలిబ్డినం. వంటింటి గిన్నెల రకం 304లో అది ఉండదు. చెమటలో ఉప్పు ఎంతుంటుందో వేసవిలో బైకు నడిపే ప్రతివాడికీ తెలుసు. ఇన్నాళ్లూ నేను కాగితాల మీద చదువుకున్నదాన్ని ఆయన రోజూ చేత్తో ముట్టుకునే మనిషి. నాకు చాలా సంతోషమేసింది.

ఇంకో మాట కూడా చెప్పారు, కాలేజీలో పెట్టుకున్న చవక వాచీకి చెయ్యి దురద పెట్టి ఎర్రగా అయ్యేదట. నికెల్ పడనివాళ్లకి అలా అవుతుంది. 316ఎల్‌లో నికెల్ ఉన్నా అది లోహంలో గట్టిగా కట్టుబడి ఉంటుంది, చర్మం మీదకి వచ్చేది చాలా తక్కువ. నికెల్ పూత వేసిన చవక రకం లోహంతోనే ఎక్కువ ఇబ్బంది. ఆయన ఐడీ కార్డు క్లిప్పు, బెల్టు బక్కల్ ఏమీ దురద పెట్టట్లేదంటే స్టీలుతో భయం లేదనిపించింది. నిజంగా పడనివాళ్లయితే టైటానియం చూసుకోవడం మేలు.

ఆషాఢం మొదలు

ఆషాఢం ఆఫర్లు పెట్టారు. పంజాగుట్ట, అబిడ్స్ రెండూ తిరిగాను. బోనాల ఆదివారం సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టుపక్కల అడుగు పెట్టే వీలుండదు, అందుకని అక్కడికి దగ్గర్లోని జేమ్స్ స్ట్రీట్ షాపులు పక్కన పెట్టాను.

ప్రతి షాపులోనూ ఒకే మాట, "సార్, జెంట్స్ అంటే 42 పైనే ఇప్పుడు నడుస్తోంది." నేను జేబులోంచి 46 మిల్లీమీటర్ల అట్టముక్క తీసి వాచీ వెనక పెట్టి చూసేవాణ్ణి. కొమ్ములు అట్ట దాటితే ఆ వాచీ పక్కకే. ఒక కుర్రాడికి ఇది బాగా నచ్చి, తనే అట్ట తీసుకుని నాలుగైదు ట్రేలు కొలిచి సరిపోయేవి వేరుగా పెట్టాడు. అలాంటి వాళ్లు దొరికితే పని ఎంత తేలికో!

పక్కన పెట్టినవాటి గురించి కొంచెం. ఒకటి చాలా అందంగా ఉంది, సన్నటిది, తెల్ల డయలు, కానీ వెనక మూత మీద నీళ్లు తట్టుకునే హద్దు 30 మీటర్లు అని ఉంది. ఆ అంకె లోతు కాదు, ల్యాబులో కదలకుండా ఉంచి పెట్టిన ఒత్తిడి పరీక్ష. 30 అంటే చెయ్యి కడుక్కుంటే పడే చుక్కలకి మాత్రమే. ఈ ఊళ్లో జులైలో బైకు మీద వెళ్లే మనిషికి అది చాలదు, 100 మీటర్లుంటే టెన్షన్ లేదు. ఇంకోటి చైను చేతిలోకి తీసుకుని ఊపితే గలగలమంది. లింకుని పక్క నుంచి చూస్తే పల్చటి రేకుని మడిచినట్టు ఉంది, లోపల బోలు. అలాంటివి వెంట్రుకలు పట్టి లాగుతాయి, కొన్నేళ్లకి సాగిపోయి పిన్నుల దగ్గర వదులైపోతాయి. గట్టి లింకు పక్క నుంచి చూస్తే ఒకే ముక్కలా ఉంటుంది, పిన్ను దూరే రంధ్రం తప్ప ఇంకే సందూ కనిపించదు. కేసుకి ఆనుకునే చివరి లింకు కూడా గట్టిదే ఉంటే ఇంకా మంచిది, అక్కడే అందరూ ఖర్చు తగ్గించుకుంటారు.

గ్లాసు దగ్గర మాత్రం చాలా సేపు ఆగాను. సఫైర్ గ్లాసు కాఠిన్యం మోస్ స్కేలు మీద 9, వజ్రం 10. మామూలు మినరల్ గ్లాసు 6 లోపు. మన ఊరు నిలబడ్డదే గ్రానైటు రాళ్ల మీద, ఆ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం 7. అంటే చొక్కా అంచుతో దుమ్ము తుడిస్తే చాలు, మినరల్ గ్లాసు మీద వెంట్రుకవాసి గీతలు పడతాయి, సఫైర్ మీద పడవు. నా మనసు సఫైర్ మీదే ఉంది. కానీ ఆ బడ్జెట్లో సఫైర్, గట్టి చైను, 100 మీటర్లు, 46 లోపు కొలత, నాలుగూ ఒకచోట దొరకట్లేదు. ఏది వదులుకోవాలి? గ్లాసు కావాలంటే తర్వాత మార్పించుకోవచ్చు. కేసు సైజు ఎవరూ మార్చలేరు. అక్కడితో తేలిపోయింది.

గురువారం

తీసుకున్నాం! సీకో ఆటోమేటిక్ (బ్యాటరీ లేకుండా చేతి కదలికతో నడిచేది), 38 మిల్లీమీటర్ల కేసు, కొమ్ము నుంచి కొమ్ముకి నేను కొలిస్తే 44 పైచిలుకు, నల్ల డయలు, వారం తేదీ రెండూ ఉన్నాయి, 100 మీటర్లు. లోపలి మిషన్ 4ఆర్36. గంటకి 21,600 బీట్లు అంటే సెకనుకి ఆరు, రాపిడి తగ్గించే చిన్న రాళ్లు, అంటే జ్యూయెల్స్, 24, పూర్తిగా చుట్టితే 41 గంటలు నడుస్తుంది. పొద్దున తీసి లాకర్లో పెట్టి సాయంత్రం తీసుకున్నా ఆగదు. ఆదివారం ఒక్కరోజు పక్కన పెట్టినా సోమవారం పొద్దున నడుస్తూనే ఉంటుంది.

బ్యాటరీ వాచీ ఎందుకు కాదని నాన్న అడిగారు, న్యాయమైన ప్రశ్నే. క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, నెలకి పదిహేను ఇరవై సెకన్లకి మించి తేడా రాదు. ఈ ఆటోమేటిక్‌కి కంపెనీ ఇచ్చే హద్దే రోజుకి 45 సెకన్లు ముందుకి, 35 సెకన్లు వెనక్కి. టైము ఒక్కటే చూసుకుంటే క్వార్ట్జ్ దే గెలుపు. కానీ బావగారే ఆటోమేటిక్ కావాలన్నారు, వెనక గ్లాసులోంచి రోటరు, అంటే చెయ్యి కదిలితే తిరిగి స్ప్రింగుని చుట్టే పలక, తిరగడం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. చేతి కదలికతోనే నడిచే వస్తువు రోజూ చేతికి ఉండాలనిపిస్తుంది, నాకు కావాల్సిందీ అదే.

షాపులో "చైను కట్ చేసి ఇచ్చేస్తాం సార్, రెండు నిమిషాలు" అన్నారు. వద్దన్నాను. మధ్యాహ్నం, ఏసీ, పైగా బావగారు లేరు. నాన్నకి హెచ్ఎంటీ కాకుండా ఇంకో పాత స్టీలు వాచీ ఉంది, దాన్ని కొన్న చోట అప్పట్లో లింకులు తీసి బిగించారు కానీ తీసిన లింకులు తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు నాన్న చెయ్యి కొంచెం లావైంది, ఆ లింకులు ఎక్కడా దొరకవు, మంచి వాచీ పెట్టుకోలేకుండా పడి ఉంది. లింకుని చెత్తలా చూసే పద్ధతి నాకు చాలా కోపం తెప్పిస్తుంది. అది వాచీలో భాగం, డబ్బిచ్చి కొన్నది.

శుక్రవారం రాత్రి, పనిముట్లు

లింకు పెట్టే గాడి ఉన్న ప్లాస్టిక్ దిమ్మ, పిన్ను తోసే పంచ్‌లు, ఇత్తడి తల ఉన్న చిన్న సుత్తి, స్ప్రింగ్ పిన్ను తీసే కడ్డీ. ముందు నాన్న పాత వాచీ చైను మీద చెయ్యి సరిచేసుకున్నాను.

చైను లోపలి వైపు తిప్పితే కొన్ని లింకుల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. పిన్ను బయటికి రావాల్సిన దిక్కు అది. ఎక్కించేటప్పుడు బాణానికి ఎదురుగా. దీన్ని తిరగేసి కొడితే పిన్ను తల విరిగి లింకులోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. పిన్నుల్లో రకాలున్నాయి: మధ్యలో చీలిక ఉండి స్ప్రింగులా బిగుసుకునేవి, స్క్రూలు, ఇంకా పిన్నుతో పాటు ఒక చిన్న గొట్టం ఉండేవి. ఈ మూడో రకంతోనే జాగ్రత్త అవసరం. నాన్న చైను ఆ రకమే. పిన్నుని తోయగానే మధ్య లింకులోంచి ఆవగింజంత గొట్టం ఒకటి జారి ట్రేలో పడింది. పిన్నుని పట్టి ఉంచేది అదే. అది లేకుండా పిన్ను ఎక్కిస్తే వదులుగానే ఉంటుంది, ఏదో ఒక రోజు బైకు మీద వెళ్తుంటే వాచీ రోడ్డు మీద ఉంటుంది. అందుకే కింద తెల్లటి టవల్ పరిచి, ఫ్యాన్ ఆపి చేయాలి. గొట్టాన్ని ముందు మధ్య లింకు రంధ్రంలో ట్వీజర్‌తో నిలబెట్టి, లింకులు కలిపి, పిన్నుని వేళ్లతో సగం దాకా దూర్చి, మిగతాది సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. పిన్ను చివర రెండు వైపులా లింకు అంచుకి కొంచెం లోపలికి ఉండాలి, వేలుతో రాస్తే తగలకూడదు.

ఆదివారం సాయంత్రం, బిగింపు

బావగారు ఇంటికొచ్చారు. సాయంత్రం రమ్మన్నది కావాలనే. వాచీని కంపెనీ ప్లాస్టిక్ కాగితం తీయకుండానే చేతికి పెట్టాం, వరపూజ కాకుండా కొత్త వాచీ పెట్టుకోకూడదని అమ్మ అన్నా, కొలతకే కదా అని ఒప్పించాం.

అదనంగా ఉన్న చైనుని లాకు దగ్గర చిటికెన వేలితో నొక్కి పట్టుకుని ఎన్ని లింకులు మిగులుతున్నాయో చూశాను. ఒక్కో లింకు దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. మొత్తం నాలుగు తీయాలి. అన్నీ ఒక్క వైపు నుంచే తీస్తే లాకు మణికట్టు అడుగున మధ్యలోకి రాకుండా పక్కకి పోతుంది, అప్పుడు వాచీ బరువు కూడా ఒక వైపుకి లాగుతుంది. రెండు 12 వైపు, రెండు 6 వైపు తీశాను. చెయ్యి తిరగేసి చూస్తే లాకు కాస్త చిటికెన వేలి వైపు జరిగి ఉంది. ఒక లింకుని 6 వైపు నుంచి తీసి 12 వైపు కలిపాను, లాకు సరిగ్గా నరాల మధ్యకి వచ్చి కూర్చుంది.

ఇక చిన్న సర్దుబాటు. లాకు పక్కన వరుసగా చిన్న రంధ్రాలుంటాయి, స్ప్రింగ్ పిన్నుని ఒకదాంట్లోంచి తీసి పక్కదాంట్లో పెడితే రెండు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. ఇది చేసేటప్పుడు లాకు మీద బొటనవేలు మూసి ఉంచాలి, లేకపోతే స్ప్రింగ్ పిన్ను ఎగిరి ఎక్కడ పడుతుందో తెలియదు. లోపలి రంధ్రంలో పెట్టి చూస్తే, పిడికిలి బిగించినప్పుడు నరాలు ఉబ్బి పట్టేసినట్టుంది. మధ్య రంధ్రంలో పెట్టాం. చెయ్యి కిందకి వేలాడదీస్తే వాచీ మణికట్టు ఎముక దాకా వచ్చి ఆగుతోంది, ఎముక మీదకి ఎక్కట్లేదు. లాకుకీ చర్మానికీ మధ్య చిటికెన వేలి కొస దూరుతోంది. నేల మీద అరచెయ్యి ఆనించి లేస్తే కీ తిప్పే గుండీ చేతి వెనక భాగంలో గుచ్చుకోవట్లేదు, ఈ వాచీకి అది నాలుగు గంటల దగ్గర ఉండటం కూడా కలిసొచ్చింది.

అప్పుడు బావగారిని బైకు మీద సుచిత్ర సర్కిల్ దాకా వెళ్లి రమ్మన్నాను. తిరిగొచ్చాక చైను తీసి చూస్తే చర్మం మీద గాట్లు లేవు. బయట అప్పుడే జల్లు పడి ఆగింది, ఉక్కపోత బాగా ఉంది, అయినా నొక్కలేదన్నారు. నాకు కావాల్సిన పరీక్ష అదే.

వారం చివర, టైము లెక్క

వాచీ ఇప్పుడు మా ఇంట్లో. చేత్తో కీ ఇచ్చి, రోజూ రాత్రి ఒకే సమయానికి ఫోన్ టైముతో పోల్చి కాగితం మీద రాస్తున్నాను. డయలు పైకి ఉంచి పడుకోబెడితే రోజుకి 9 సెకన్లు ముందుకి, గుండీ వైపు కిందకి నిలబెడితే 3 సెకన్లు వెనక్కి. ఈ వాచీ స్వభావం ఇదని తెలిస్తే చాలు, ముందుకి వెళ్తోందనిపించినప్పుడు రాత్రిపూట పక్కకి నిలబెడితే తనంతట తనే సర్దుకుంటుంది. లోపల స్పీడు మార్చే మీట ఉంటుంది కానీ వారంటీ ఉండగా మూత తీయించడం నాకిష్టం లేదు, ఇంత మంచి లెక్క వస్తుంటే అవసరం కూడా లేదు.

మంగళవారం

పొద్దున చూస్తే నాలుగు నిమిషాలకి పైగా ముందుకి పోయింది. రాత్రి అక్క దాన్ని వరపూజ పళ్లెంలో పెట్టడానికి కొన్న అందమైన పెట్టెలో సర్దింది. పెట్టె మూత టక్కున అతుక్కుంటుంది, అందులో ఉన్నది అయస్కాంతం! వాచీలో టిక్కుల వేగాన్ని నడిపే హెయిర్ స్ప్రింగు వెంట్రుక కంటే సన్నటి చుట్ట, దానికి అయస్కాంత గుణం పట్టుకుంటే చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచీ పరుగెడుతుంది. ఈ వాచీ మీటరుకి 4,800 ఆంపియర్ల క్షేత్రం దాకా తట్టుకునేలా చేసిందే, అది అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఫోనూ టీవీలకి సరిపోతుంది, ఆనుకుని ఉన్న గట్టి అయస్కాంతానికి కాదు.

గృహప్రవేశం ముందు వాస్తు చూడటానికి కొన్న దిక్సూచి ఇంట్లో ఉంది. దాని పక్కకి వాచీ తెస్తే ముల్లు గిర్రున తిరిగింది. అనుమానం తీరిపోయింది.

పత్తర్‌గట్టీలో నాన్న హెచ్ఎంటీ చూసే చాచా దగ్గరికి వెళ్లాను. 1892లో కట్టిన మహబూబ్ చౌక్ గడియార స్తంభం అక్కడికి దగ్గరే, చార్మినార్ మీది గడియారాలు అంతకంటే మూడేళ్లు ముందువి, 1889. గడియారాల పని చేసేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా! చాచా వాచీని టైమ్‌గ్రాఫర్ మీద పెట్టారు, మైకు టిక్కు టిక్కు శబ్దం విని తెర మీద గీతలు వేసే యంత్రం. గీతలు నిట్టనిలువుగా పైకి పరుగెత్తాయి. తర్వాత అయస్కాంత గుణం తీసేసే ఒక చిన్న నీలం డబ్బా మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, వాచీని నెమ్మదిగా పైకి జానెడు దూరం లేపి అప్పుడు వదిలారు. అదే కిటుకు, దగ్గరగా ఉండగా బటన్ వదలకూడదు. మళ్లీ యంత్రం మీద పెడితే గీతలు రెండూ దాదాపు అడ్డంగా, రోజుకి 9 సెకన్లు, మునుపటి లెక్కే. "దవాఖానా కా కామ్ హో గయా బేటా" అన్నారు, ఆసుపత్రి పని అయిపోయిందని. నేను చైను బిగింపు చూపించాను, లాకు తీసి పెట్టి, పిన్నుల చివర్లు భూతద్దంలో చూసి, "అచ్ఛా కరే", బాగా చేశావు అన్నారు. ఆ రెండు మాటలకి నేను ఎంత పొంగిపోయానో! వచ్చేటప్పుడు ఆగి మళ్లీ చెప్పారు, "కడియాఁ నక్కో ఫేంకో, డబ్బీమే రఖ్ లో", లింకులు పారేయకు, డబ్బాలో దాచుకో అని.

బావగారికి ఫోన్ చేసి ల్యాబు సంగతి గట్టిగా చెప్పాను. స్టిర్రర్ ఆన్ చేసే ముందు వాచీ తీసేయాలి. ఎలాగూ లాకర్ ఉంది కదా అన్నారు. పెట్టె మార్చాం, ఇప్పుడు గుడ్డ పరిచిన చెక్క డబ్బా, మూత మామూలుదే.

పెళ్లికి ముందు రోజు

ముహూర్తం రాత్రి 11 దాటాక. ఈ మిషన్‌లో రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 మధ్య తేదీ మార్చకూడదు, ఆ సమయంలో తేదీ పళ్లచక్రం పట్టులో ఉంటుంది, బలవంతంగా తిప్పితే పళ్లు దెబ్బతింటాయి. పెళ్లి హడావిడిలో ఎవరో ఒకరు తేదీ తప్పుంది అని తిప్పేస్తారేమోనని నా భయం. అందుకే ఈ రోజు పొద్దున్నే కీ ఇచ్చి, తేదీ, వారం, టైము అన్నీ సరిచేసి పెట్టాను, రేపు పొద్దున ఇంకోసారి కీ ఇస్తే రాత్రంతా ఢోకా లేదు.

పసుపు, నలుగు, తలంబ్రాలు అయ్యాక చైను సందుల్లో పసుపు చేరకుండా ఉండదు. గుండీ లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకుని, గోరువెచ్చగా కూడా కాకుండా మామూలు నీళ్లలో ఒక చుక్క షాంపూ, మెత్తటి టూత్‌బ్రష్‌తో చైను లోపలి వైపు రుద్ది, కడిగి, మెత్తటి గుడ్డతో తుడవమని అక్కకి చూపించాను. చెమట పట్టే రోజుల్లో నెలకోసారైనా ఇలా చేయాలి, లింకుల మధ్య చేరే నల్లటి మడ్డి చెమట, దుమ్ము, సబ్బు కలిసిందే, ఉప్పంతా అందులోనే ఉంటుంది, చర్మం దురద పెట్టేదీ ఎక్కువసార్లు దాని వల్లే.

తీసిన నాలుగు లింకులు, వాటి పిన్నులు ఒక జిప్ కవర్లో వేసి వారంటీ కార్డుకి పిన్ చేశాను, కవరు మీద "బావగారి వాచీ లింకులు, పారేయకండి" అని పెద్దక్షరాలతో రాశాను. స్ప్రింగ్ పిన్ను తీసే కడ్డీ కూడా అందులోనే పెట్టాను. డిసెంబరులో చలికి చెయ్యి సన్నబడితే వాచీ ఎముక మీదకి జారుతుంది, అప్పుడు లాకు దగ్గర ఒక రంధ్రం లోపలికి జరిపితే సరిపోతుంది, మార్చిలో మళ్లీ వెనక్కి. ఎలా చేయాలో బావగారికి ఫోన్లో వీడియో తీసి పంపాను.